జేబులో కోడింగ్ సరంజామా: పెన్‌డ్రైవ్ నుంచి నడిచేదేది, మొరాయించేదేది

కాలేజీ ల్యాబ్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ విద్యార్థి చేతికి రాదు. రాకూడదు కూడా. అరవై మంది కూర్చునే సిస్టమ్‌ను ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకుంటూ పోతే వారం తిరక్కుండానే ల్యాబ్ మూతపడుతుంది. అయితే కానూరైనా, వడ్డేశ్వరమైనా, గుంటూరు చుట్టుపక్కల ఏ కాలేజీ అయినా చిక్కు ఒకటే: ల్యాబ్‌లో ఉన్న కంపైలర్ ఒకటి, ప్రాజెక్టుకు కావలసింది మరొకటి. హాస్టల్లో స్నేహితుడి ల్యాప్‌టాప్, ల్యాబ్‌లో ఇంకో సిస్టమ్, పండక్కి ఇంటికెళ్తే పాత డెస్క్‌టాప్. అన్నిచోట్లా ఒకే ఎడిటర్, అవే సెట్టింగులు ఉండాలంటే ఇన్‌స్టాల్ చేయనక్కర్లేని టూల్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకు తిరగడం ఒక దారి. పద్ధతి పాతదే, పోర్టబుల్ ఫైర్‌ఫాక్స్ 2004లోనే వచ్చింది. ఎడిటర్లు, కంపైలర్లు చాలావరకు ఇప్పుడు జిప్ రూపంలోనూ దొరుకుతున్నాయి.

జిప్ విప్పి డ్రైవ్‌లో పడేసినంత మాత్రాన ఏ టూలూ పోర్టబుల్ అయిపోదు. సామాను పెన్‌డ్రైవ్‌లో ఉన్నా దాని వేళ్లు సీ డ్రైవ్‌లో ఉండిపోతాయి. సెట్టింగులు వెళ్లి యూజర్ ఫోల్డర్‌లో కూర్చుంటాయి. ఇన్‌స్టాల్ చేసిన రోజున డ్రైవ్‌కు ఏ అక్షరం ఉందో ఆ అక్షరంతో కూడిన పాత్, అంటే ఫైలు ఉన్న చోటు చిరునామా, ఫైళ్లలో రాసుకుపోతుంది. పాస్‌వర్డులు, టోకెన్లు విండోస్ తన దగ్గర దాచుకుంటుంది. ఈ మూడింటినీ పట్టుకుని డ్రైవ్‌లోకి లాగితేనే అది నిజంగా పోర్టబుల్. లాగలేని టూల్‌ను వదిలేయడమే మేలు.

డ్రైవ్ కొనేటప్పుడు

డబ్బా మీద రాసే సెకనుకు 100 ఎంబీ, 150 ఎంబీ అన్న లెక్కలు పెద్ద ఫైలును ఏకధాటిగా చదివేటప్పటివి. కోడింగ్‌లో జరిగేది అందుకు పూర్తిగా విరుద్ధం: ఒక్కోటి రెండు మూడు కేబీలుండే ఫైళ్లు వేలకు వేలు తెరుచుకుంటాయి, రాసుకుంటాయి. ఫ్లాష్ మెమరీలో చిన్న ముక్క మార్చాలన్నా పెద్ద బ్లాకు మొత్తాన్ని చెరిపి తిరిగి రాయాలి. ఎస్‌ఎస్‌డీలో కంట్రోలర్ ఈ పనిని తెలివిగా సర్దుకుంటుంది. చవక పెన్‌డ్రైవ్‌లోని కంట్రోలర్‌కు ఆ శక్తి లేదు. అందుకే సినిమాను నిమిషంలో మింగే డ్రైవే వేల చిన్న ఫైళ్లుండే ఒక నోడ్ (జావాస్క్రిప్ట్) ప్రాజెక్టును కాపీ చేయడానికి అరగంట తీసుకుంటుంది.

చేతిలో డబ్బుంటే చిన్న పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ కొనుక్కోవడం ఉత్తమం. అంత పెట్టలేకపోతే ఏ1 గుర్తున్న మైక్రో ఎస్‌డీ కార్డు, దానికో యూఎస్‌బీ 3 రీడర్. ఆ ఏ1 ఉత్తుత్తి అలంకారం కాదు. సెకనుకు కనీసం 1500 చిన్న రీడ్‌లు, 500 చిన్న రైట్‌లు చేయగలదని దాని అర్థం. ఏ2 అయితే 4000, 2000. మామూలు పెన్‌డ్రైవ్‌లకు ఇలాంటి హామీ ఏదీ ఉండదు.

బీసెంట్ రోడ్డు పక్కన బండి మీద అయినా, ఆన్‌లైన్‌లో అయినా నమ్మలేనంత చవగ్గా 1 టీబీ అని కనిపిస్తే దాన్ని తాకకపోవడం మంచిది. లోపల ఉండేది చాలాసార్లు 16 లేదా 32 జీబీ చిప్పే. నిండాక పాత డేటా మీదే కొత్తది రాసుకుపోతుంది, ఎర్రర్ కూడా చూపించదు. ఏ డ్రైవ్ కొన్నా ఖాళీగా ఉండగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో చివరిదాకా నింపి చూడాలి. లైనక్స్‌లో అయితే ఎఫ్3 ఉంది. సెకనుకు 15 ఎంబీ చొప్పున 64 జీబీ నిండడానికి గంటా పది నిమిషాలు, తిరిగి చదవడానికి ఇంకొంత సమయం పడుతుంది. ఓపిక పట్టాల్సిందే.

ఫార్మాట్ దగ్గర జరిగే నష్టం

32 జీబీ దాటిన డ్రైవ్‌ను విండోస్‌లో ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే డిఫాల్ట్ అలొకేషన్ యూనిట్ 128 కేబీ. అంటే 2 కేబీ ఫైలైనా 128 కేబీ చోటు ఆక్రమిస్తుంది. ఒక మోస్తరు రియాక్ట్ ప్రాజెక్టులో లైబ్రరీలు చేరే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ 30,000 ఫైళ్లకు చేరడం మామూలే. అన్నీ చిన్నవే అనుకుంటే 30,000ను 128తో హెచ్చవేయండి: మూడున్నర జీబీ పైమాటే. అదే యూనిట్ 4 కేబీ అయితే 120 ఎంబీ దగ్గర ఆగుతుంది. ఫార్మాట్ పెట్టెలో రెండు సెకన్లలో మార్చగలిగే ఆ ఒక్క వరుసను ఎవరూ చూడరు, తర్వాత డ్రైవ్ ఎందుకు నిండిపోయిందో అర్థం కాదు.

ఫ్యాట్32 ఈ పనికి వద్దు. 4 జీబీ మించిన ఫైలు దాంట్లో పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ మ్యాక్‌లోనూ లైనక్స్‌లోనూ చదవను, రాయను పనికొస్తుంది కానీ దానికి జర్నల్ (మార్పులను ముందే రాసిపెట్టుకునే చిట్టా) లేదు. యూపీఎస్ లేని సిస్టమ్‌లో కంపైల్ అవుతుండగా కరెంటు పోతే ఫోల్డర్ పట్టికే చెదిరిపోవచ్చు. ఒకే ఫైలును ఇంకోచోట కూడా చూపించే సింబాలిక్ లింకులు, హార్డ్ లింకులు కూడా దాంట్లో ఉండవు, కాబట్టి వాటి మీదే ఆధారపడే పీఎన్‌పీఎమ్ లాంటి నోడ్ ప్యాకేజీ టూల్స్ అక్కడ తంటాలు పడతాయి. వాడేవన్నీ విండోస్ సిస్టమ్‌లే అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ మేలు: జర్నల్ ఉంది, యూనిట్ డిఫాల్ట్‌గా 4 కేబీయే. మ్యాక్ దాన్ని చదువుతుంది గానీ రాయదు, అది గుర్తుంచుకుంటే చాలు.

ఏది ఎలా వేసుకోవాలి

వీఎస్ కోడ్‌తో మొదలుపెడదాం, ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి. ఇన్‌స్టాలర్ కాకుండా జిప్ తీసుకోవాలి. విప్పిన ఫోల్డర్‌లో, కోడ్ ఈఎక్స్‌ఈ ఫైలు ఉన్నచోటే, ఇంగ్లిష్‌లో ‘డేటా’ అన్న పేరుతో ఖాళీ ఫోల్డర్ పెడితే చాలు, ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగులు అన్నీ దాంట్లోకే వస్తాయి. దాని లోపల ‘టీఎంపీ’ అనే మరో ఫోల్డర్ పెడితే తాత్కాలిక ఫైళ్లు కూడా అక్కడికే మళ్లుతాయి. ఆ ఫోల్డర్ మరిచిపోయి ఒకసారి తెరిస్తే ఎక్స్‌టెన్షన్లన్నీ ల్యాబ్ సిస్టమ్‌లోనే దిగిపోతాయి. ఈ రకం వీఎస్ కోడ్ తనంతట తాను అప్‌డేట్ కాదు. కొత్త జిప్ దించుకుని, విప్పి, పాత డేటా ఫోల్డర్‌ను దాంట్లోకి జరపాలి.

డౌన్‌లోడ్ చేసిన ఏ జిప్‌నైనా విప్పే ముందు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టాలి. లేదంటే ఇంటర్నెట్ నుంచి వచ్చిందన్న ముద్ర లోపలి ఫైళ్లకూ అంటుకుని స్మార్ట్‌స్క్రీన్ అడ్డు తగులుతుంది.

సీ, సీ++ కోసం డబ్ల్యూ64డెవ్‌కిట్ చక్కటి మూట: జీసీసీ కంపైలర్, తప్పులు పట్టే జీడీబీ, మేక్ అన్నీ ఒకేచోట ఉంటాయి. ల్యాబ్‌లో ఇంకా టర్బో సీ నీలితెర మీదే నేర్పుతున్న చోట ఒక ఇబ్బంది ఎదురవుతుంది. అక్కడ రాసిన ప్రోగ్రాంలో క్లియర్ స్క్రీన్ ఫంక్షన్ పిలిచి ఉంటే జీసీసీ దగ్గర ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే అది టర్బో సీ తయారుచేసిన బోర్లాండ్ వాళ్ల సొంతం. ఆ వరుస తీసేసి, వాయిడ్ మెయిన్‌ను ఇంట్ మెయిన్ చేస్తే మొదటి సంవత్సరం ప్రోగ్రాంలలో చాలావరకు నడుస్తాయి. అప్పుడే కంపైలైన ఈఎక్స్‌ఈని యాంటీవైరస్ అనుమానించి తీసేయడం కూడా ఉంది. ‘ఫైలు కనిపించడం లేదు’ అన్నప్పుడు తప్పు కోడ్‌లో వెతికే ముందు క్వారంటైన్ చూడాలి.

పైథాన్‌కు అధికారిక ‘ఎంబెడబుల్’ జిప్ చిన్నది, కానీ దాంట్లో లైబ్రరీలు దించే పిప్ లేదు, ఒక్కో ప్రాజెక్టు లైబ్రరీలను విడిగా ఉంచే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (వెన్వ్) లేదు, విండోలు, బటన్లు గీసే టీకింటర్ లేదు. అది ఇతర అప్లికేషన్లలో పొదిగేందుకు చేసినది. పిప్ కావాలంటే అందులో అండర్‌స్కోర్ పీటీహెచ్‌తో ముగిసే ఫైలు తెరిచి, ‘ఇంపోర్ట్ సైట్’ వరుస ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి, ఆపైన పిప్‌ను విడిగా దించుకోవాలి. ఇంత తిప్పలు ఎందుకు? మైక్రోసాఫ్ట్ ప్యాకేజీల సైటు నూగెట్‌లో దొరికే పైథాన్ ప్యాకేజీ కూడా ఒక జిప్పే. దాంట్లో పిప్, వెన్వ్ రెండూ ఉన్నాయి. లెక్కల లైబ్రరీ నంపై, గ్రాఫులు, టీకింటర్ కావలసినవాళ్లకు విన్‌పైథాన్ ఉంది.

జావాకు టెమ్యురిన్ (ఉచిత జావా కిట్) జిప్ విప్పి, జావా హోమ్ అనే వేరియబుల్‌కు ఆ ఫోల్డర్ చూపిస్తే సరిపోతుంది. మేవెన్, గ్రేడిల్ అనే బిల్డ్ టూల్స్ దించుకునే లైబ్రరీలు యూజర్ ఫోల్డర్‌లోకి పోకుండా వాటి రిపోజిటరీ చోటును డ్రైవ్‌కు తిప్పాలి. నోడ్‌కూ జిప్ ఉంది. దాని క్యాష్ చోటు మార్చాలి. డేటాబేస్ పనికి ఎస్‌క్యూలైట్ ఒక్క ఫైలుతో పోతుంది. మైఎస్‌క్యూఎల్ జిప్‌ను కూడా సర్వీసు లేకుండా కన్సోల్‌లో నడపొచ్చు, కానీ విజువల్ సీ++ రన్‌టైమ్ లేని సిస్టమ్‌లో అది తెరుచుకోదు. నడుస్తుండగా డ్రైవ్ లాగితే టేబుళ్లు పాడవుతాయి. ఒరాకిల్ అడిగే డీబీఎమ్‌ఎస్ ల్యాబ్‌కు పెన్‌డ్రైవ్ దారి కాదు. డాకర్ డెస్క్‌టాప్, డబ్ల్యూఎస్‌ఎల్, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ కూడా అంతే. డ్రైవర్లు, విండోస్ ఫీచర్లు ఎక్కించాలి, దానికి అడ్మిన్ ఉండాలి.

పాత సిస్టమ్‌లుంటే ముందే చూసుకోవాలి: విండోస్ 7లో పైథాన్ 3.8 చివరిది, వీఎస్ కోడ్ 1.70 చివరిది. కొత్తవి అక్కడ తెరుచుకోనే తెరుచుకోవు.

అసలు కీలకం ఒక్క బ్యాచ్ ఫైలు

ఇవాళ ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరంతో కనిపించిన డ్రైవ్, రేపు ఇంకో సిస్టమ్‌లో ‘జీ’ అవుతుంది. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తన పాత్‌ను అక్షరంతో సహా రాసి పెట్టుకుంటుంది, పిప్ ఈఎక్స్‌ఈ లోపల కూడా పూర్తి పాత్ ఉంటుంది. అక్షరం మారగానే ‘ఫేటల్ ఎర్రర్ ఇన్ లాంచర్’ వస్తుంది. తాత్కాలికంగా పిప్‌ను నేరుగా పిలవకుండా పైథాన్ ద్వారా, మైనస్ ఎమ్ పెట్టి పిలిస్తే గండం గడుస్తుంది. శాశ్వత మందు మాత్రం సబ్‌స్ట్ కమాండ్. ఏదైనా ఫోల్డర్‌కు డ్రైవ్ అక్షరం తగిలించే ఈ కమాండ్ డాస్ కాలం నాటిది, దీనికి అడ్మిన్ అక్కర్లేదు. టూల్స్ ఫోల్డర్‌ను ఎప్పుడూ పీ అని పిలిస్తే, అసలు అక్షరం ఏదైనా టూల్స్‌కు కనిపించేది పీ మాత్రమే. ఇన్‌స్టాలేషన్లూ పీ నుంచే చేయాలి, ‘ఈ’ నుంచి చేసి తర్వాత పీ పెడితే లాభం లేదు.

కాబట్టి టూల్స్ ఫోల్డర్‌లో ఒక బ్యాచ్ ఫైలు (నొక్కితే వరుసగా నడిచే కమాండ్ల జాబితా) పెట్టుకోవాలి. మొదటి వరుసలో సబ్‌స్ట్. తను ఏ ఫోల్డర్‌లో ఉన్నదీ బ్యాచ్ ఫైలుకు తెలుసు: శాతం గుర్తు, టిల్డె, తర్వాత ఇంగ్లిష్ డీ, పీ, సున్నా రాస్తే ఆ పాత్ వస్తుంది. చివర్లో ఒక బ్యాక్‌స్లాష్ మిగిలిపోతుంది, దాని పక్కనే కోట్ గుర్తు మూస్తే కమాండ్ తప్పుతుంది. ఆ స్లాష్ తర్వాత ఒక చుక్క పెడితే సరిపోతుంది. రెండో పని, కమాండ్లను ఏ ఫోల్డర్లలో వెతకాలో విండోస్‌కు చెప్పే పాత్ వేరియబుల్‌లో మన టూల్స్‌ను ముందు చేర్చడం. వెనక చేరిస్తే ల్యాబ్‌లో ఉన్న పాత పైథానే పలుకుతుంది. మూడోది, హోమ్ అనే వేరియబుల్‌ను డ్రైవ్‌లోని ఒక ఫోల్డర్‌కు చూపడం. కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్ గిట్. దాని పోర్టబుల్ రకం తన కన్ఫిగ్‌నూ, పాస్‌వర్డ్‌కు బదులు వాడే ఎస్‌ఎస్‌హెచ్ తాళాలనూ అక్కడే వెతుక్కుంటుంది. ఆపైన జావా హోమ్, గ్రేడిల్ యూజర్ హోమ్, నోడ్ లైబ్రరీలు దించే ఎన్‌పీఎమ్ క్యాష్. చివరి వరుసలో వీఎస్ కోడ్‌ను తెరవాలి. ఈ ఫైలు నుంచి తెరుచుకున్నది కాబట్టి ఎడిటర్ లోపలి టెర్మినల్‌కు కూడా ఇవన్నీ సంక్రమిస్తాయి. నేరుగా కోడ్ ఈఎక్స్‌ఈ మీద డబుల్ క్లిక్ చేస్తే ఏదీ రాదు.

ఫోల్డర్ పేర్లు పొట్టిగా, ఖాళీలు లేకుండా ఉండాలి. విండోస్‌లో పాత్ పొడవు 260 అక్షరాలు దాటితే చాలా టూల్స్ చేతులెత్తేస్తాయి. ఆ హద్దు ఎత్తేసే రిజిస్ట్రీ మార్పు అడ్మిన్ చేతిలోది.

తెరిచాక వచ్చే మొదటి ఎర్రర్ బహుశా గిట్ నుంచే. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 2.35.2 నుంచి, వేరే యూజర్ పేరు మీద ఉన్న రిపోజిటరీని (ప్రాజెక్టు ఫోల్డర్‌ను) గిట్ ముట్టుకోదు. ‘డ్యూబియస్ ఓనర్‌షిప్’ అంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఓనర్ అన్న వివరమే ఉండదు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్న ఓనర్ వేరే సిస్టమ్‌వాడు. రెండు చోట్లా ఇదే పంచాయితీ. డ్రైవ్‌లోని గిట్ కన్ఫిగ్‌లో సేఫ్ డైరెక్టరీగా పీ కింద ఉన్న ప్రాజెక్టు పాత్‌ను ఒకసారి చేరిస్తే తీరిపోతుంది. తొందరపడి నక్షత్రం గుర్తు పెట్టి అన్నిటినీ నమ్మమనడం మంచిది కాదు, ఆ తనిఖీ పెట్టిందే పదిమంది వాడే సిస్టమ్‌ల కోసం.

రెండోది ఎన్‌పీఎమ్. పవర్‌షెల్‌లో టైపు చేస్తే ‘స్క్రిప్టులు నడపడం ఈ సిస్టమ్‌లో నిషేధం’ అని వస్తుంది. పాలసీ జోలికి పోనక్కర్లేదు. వీఎస్ కోడ్‌లో డిఫాల్ట్ టెర్మినల్‌ను కమాండ్ ప్రాంప్ట్‌కు మార్చుకుంటే అదే ఎన్‌పీఎమ్ నడుస్తుంది. కానీ ల్యాబ్ వాళ్లు గ్రూప్ పాలసీలో రిమూవబుల్ డిస్క్ నుంచి ఏదీ నడవకూడదని పెట్టి ఉంటే అక్కడితో ఆగిపోవాలి. దానికి దొంగదారులు వెతకడం కన్నా ల్యాబ్ ఇన్‌ఛార్జిని అడగడం సులువు, క్షేమం.

నడపడం కన్నా దించుకోవడం మేలు

ఇన్ని చెప్పాక, ఒక మాట నిర్మొహమాటంగా: సిస్టమ్‌లో ఎస్‌ఎస్‌డీ ఉంటే పెన్‌డ్రైవ్ మీద నేరుగా నడపడం తెలివైన పని కాదు. టూల్స్ ఫోల్డర్ మొత్తాన్ని ఒకే 7జెడ్ ఫైలుగా చుట్టి డ్రైవ్‌లో ఉంచి, వెళ్లగానే సిస్టమ్‌లోని టెంప్ ఫోల్డర్‌లోకి విప్పుకుని నడపాలి. 1 జీబీ మూటను యూఎస్‌బీ 2 పోర్టులోనైనా సెకనుకు 30 ఎంబీ చొప్పున చదవడానికి 35 సెకన్లు చాలు. అదే సామాను విడివిడి ఫైళ్లుగా ఉంటే చాయ్ తాగి రావచ్చు. సబ్‌స్ట్‌ను ఆ టెంప్ ఫోల్డర్‌కు చూపిస్తే పీ అన్న అక్షరం మారదు, మిగతాదంతా యథాతథం. లేచే ముందు కోడ్‌ను గిట్‌తో ఆన్‌లైన్ రిపోజిటరీకి పంపి (పుష్ చేసి), టెంప్‌లోది చెరిపేయాలి. రీస్టార్ట్ కాగానే మొదటికొచ్చేలా సెట్ చేసిన ల్యాబుల్లో చెరపడం సిస్టమే చేస్తుంది, అయితే పుష్ చేయడం మరిచిపోతే కోడ్ కూడా దాంతోపాటే పోతుంది.

డ్రైవ్ మీదే నడపాల్సి వస్తే ముందు వైపు పోర్టులు వదిలి వెనక నీలిరంగు పోర్టులో పెట్టాలి. ముందువి తరచూ వదులుగా ఉంటాయి, చెయ్యి తగిలినా కనెక్షన్ పోతుంది.

తీసేటప్పుడు ‘డివైస్ వాడకంలో ఉంది’ అని మొండికేస్తే దోషి ఎడిటర్ కాకపోవచ్చు. గ్రేడిల్ డీమన్ పనైపోయినా డిఫాల్ట్‌గా మూడు గంటలు వెనక కూర్చునే ఉంటుంది. దానికి స్టాప్ కమాండ్ ఇవ్వాలి. ఫోన్ కలిపి ఉంటే ఆండ్రాయిడ్ ఫోన్‌తో మాట్లాడే ఏడీబీ సర్వర్‌ను కిల్ సర్వర్‌తో దించాలి. జావా లాంగ్వేజ్ సర్వర్, మరిచిపోయిన నోడ్ ప్రాసెస్ టాస్క్ మేనేజర్‌లో కనిపిస్తాయి. ఇవన్నీ ఒక రెండో బ్యాచ్ ఫైలులో రాసుకుని, చివర్లో పీని సబ్‌స్ట్ స్లాష్ డీతో తీసేస్తే లేచే ముందు ఒక్క క్లిక్కే.

వదిలిపోయే తాళాలు

గిట్ రిపోజిటరీలను ఆన్‌లైన్‌లో దాచే గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకు మామూలు పాస్‌వర్డ్ ఒప్పుకోవడం లేదు, టోకెన్ గానీ ఎస్‌ఎస్‌హెచ్ తాళం గానీ కావాలి. ప్రమాదం ఏమిటంటే పోర్టబుల్ గిట్‌తో వచ్చే క్రెడెన్షియల్ మేనేజర్ ఆ టోకెన్‌ను డ్రైవ్‌లో కాకుండా ఆ సిస్టమ్‌లోని విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాస్తుంది. ల్యాబ్‌లో అందరూ ఒకే విండోస్ లాగిన్ వాడితే, తర్వాత కూర్చున్నవాడు మన పేరు మీద పుష్ చేయగలడు. గిట్ కన్ఫిగ్‌లో క్రెడెన్షియల్ హెల్పర్‌ను ఖాళీ చేయాలి. టోకెన్‌కు ఒక్క రిపోజిటరీకే అనుమతి, వారం గడువు పెట్టాలి. ఎస్‌ఎస్‌హెచ్ తాళమైతే పాస్‌ఫ్రేజ్ లేకుండా డ్రైవ్‌లో పెట్టనే కూడదు. డ్రైవ్ పోతే ఎవరి చేతిలో పడుతుందో తెలియదు.

డ్రైవ్ మొత్తానికి తాళం వేయాలంటే వెరాక్రిప్ట్ పోర్టబుల్ ఉంది కానీ దాని డ్రైవర్ ఎక్కడానికి అడ్మిన్ కావాలి, ల్యాబ్‌లో పని జరగదు. బిట్‌లాకర్ టు గోతో తాళం వేయడానికి విండోస్ ప్రో ఉండాలి గానీ, వేశాక తెరవడానికి హోమ్ ఎడిషన్ చాలు, అడ్మిన్ కూడా అడగదు.

జిరాక్స్ షాపు

బ్రాడీపేటలో గానీ గవర్నర్‌పేటలో గానీ రికార్డు ప్రింటు తీయించడానికి పెన్‌డ్రైవ్ ఇస్తే, రోజుకు వంద డ్రైవ్‌లు దిగే సిస్టమ్‌లోకి మనదీ దిగుతుంది. తిరిగొచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనిపించడం ఎంతోమందికి అనుభవమే. జరిగేది ఇది: వైరస్ అసలు ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ అన్న గుర్తులు తగిలించి మాయం చేస్తుంది. అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. నొక్కగానే ముందు తన స్క్రిప్టు నడిపించుకుని, తర్వాత అసలు ఫోల్డర్ తెరుస్తుంది, కాబట్టి అనుమానం రాదు. యూఎస్‌బీ ఆటోరన్‌ను మైక్రోసాఫ్ట్ విండోస్ 7లో తీసేశాక ఇలా మన చేతే క్లిక్ చేయించే రకాలకు గిరాకీ పెరిగింది.

ఫైళ్లు పోలేదు. శుభ్రంగా ఉన్న సిస్టమ్‌లో, ఏ షార్ట్‌కట్ మీదా నొక్కకుండా, కమాండ్ ప్రాంప్ట్‌లో ఆట్రిబ్ కమాండ్‌కు మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్, ఆపైన స్లాష్ ఎస్, స్లాష్ డీ ఇచ్చి ఆ డ్రైవ్ మీద నడిపితే ఫోల్డర్లు బయటపడతాయి. అందులోంచి సోర్స్ కోడ్ మాత్రమే తీసుకోవాలి. ఈఎక్స్‌ఈలు, బ్యాచ్ ఫైళ్లు, స్క్రిప్టులు ఏవీ తిరిగి వాడకూడదు, వాటిలో ఏది మారిందో కంటికి కనిపించదు. డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి, ఇంట్లో దాచిన అసలు జిప్‌ల నుంచి టూల్స్ మళ్లీ విప్పుకోవాలి. ప్రింటుకు పీడీఎఫ్ మెయిల్ చేయడం, లేదంటే ఏమీ లేని పాత 4 జీబీ డ్రైవ్ ఇవ్వడం. టూల్స్ ఉన్న డ్రైవ్ షాపు గడప తొక్కకూడదు.